నా సర్వీసు రిజిస్టరులో ఆంజనేయస్వామి

(పింఛనుదారుల దినోత్సవ సభలో ఒక విశ్రాంత ఖజానా ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17వ తేదీన మనం ఎందుకు కలుసుకుంటామో మీకు నేను చెప్పనక్కరలేదు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు ఇచ్చింది. దాని గురించి నాకన్నా బాగా తెలిసినవారు పొద్దుటినుంచి మాట్లాడారు. నన్ను మాత్రం మన కార్యదర్శిగారు "భోజనాలకు ముందు ఏదైనా తేలికైన విషయం చెప్పండి, మీ ఉద్యోగ అనుభవం ఒకటి" అన్నారు. తేలికైనదో కాదో మీరే చెప్పాలి.

నేను 1970లో ఖజానా శాఖలో చేరి 2007లో రిటైరయ్యాను. మీలో చాలామంది బిల్లులు నా బల్లమీదుగా పోయినవే. ఒక పొట్టి సంతకం లేకపోతే, ఒక కొట్టివేతకు ధ్రువీకరణ లేకపోతే వెనక్కి పంపినవాణ్ణి. ఆ రోజుల్లో నన్ను తిట్టుకున్నవాళ్ళు ఈ హాలులోనే కనీసం పదిమంది ఉంటారు. వారికి ఈ రోజు పండగ. నా సొంత సర్వీసు రిజిస్టరులో, మొదటి పేజీలోనే, ఒక తప్పుడు నమోదు ఉంది. తెలిసి, 37 ఏళ్ళు దిద్దించుకోలేదు. ఇప్పుడు రికవరీ పెట్టేవాళ్ళు లేరన్న ధైర్యంతో చెబుతున్నాను.

ఆ పేజీలో ఆనవాళ్ళు రాసే గడి ఉంటుంది గదా, అందులో నాకు రెండు ఉన్నాయి. ఒకటి మెడమీద పుట్టుమచ్చ. రెండోది, ఎడమ ముంజేతి లోపలివైపు ఆంజనేయస్వామి పచ్చబొట్టు. పుట్టుమచ్చతో పేచీ లేదు. పచ్చబొట్టూ ఉంది, ఇదుగో. అది ఆంజనేయస్వామి కాదు, అంతే.

మాది మైదుకూరు దగ్గర చిన్న పల్లె. మా బడి అయ్యవారి ఇంటికి నెలనెలా చందమామ వచ్చేది. మన కడప జిల్లా పొట్టిపాడులో పుట్టిన నాగిరెడ్డిగారు, చక్రపాణిగారు కలిసి 1947 జులైలో మద్రాసులో మొదలుపెట్టిన పత్రిక అది. అయ్యవారు చదివినాక, ఆయన పిల్లలు చదివినాక, చివర నా వంతు. నేను దాన్ని చొక్కాలో పెట్టుకుని ఇంటికి తెచ్చి, రాత్రి అమ్మ జొన్నరొట్టెలు చేస్తుంటే పొయ్యి వెలుగులో పైకి చదివేవాణ్ణి. అమ్మకు అక్షరం రాదు. బొమ్మలు మాత్రం పిండి చేత్తోనే వంగి చూసేది.

ఆ పత్రికలో నాకు మిగతావన్నీ ఒక ఎత్తు, బేతాళ కథ తలకట్టు బొమ్మ ఒక ఎత్తు. మీకందరికీ గుర్తే. శ్మశానం, చెట్టు, పుర్రెలు, చేత కత్తి పట్టుకుని నడిచే రాజు, ఆయన భుజమ్మీద వేలాడే తెల్లటి శవం. గీసినాయన శంకర్. అసలు పేరు కె.సి. శివశంకరన్, తమిళులు. 1952లో చందమామలో చేరి దశాబ్దాల తరబడి బొమ్మలు వేశారు, 2020లో పోయారు. ఇప్పటి పిల్లలకు టీవీలో బొమ్మలు పరుగెత్తుతాయి, మాట్లాడతాయి. మా బొమ్మ నెలకొకసారి వచ్చి, అదే అడుగు ముందుకు వేసి, అట్లాగే నిలబడి ఉండేది. అయినా నాకు రాత్రి కళ్ళు మూసుకుంటే నడిచేది. రాజుకన్నా నాకు బేతాళుడే ఇష్టం. భయపెట్టేవాడే కథ చెప్పేవాడు కూడా. అన్ని కథలు తెలిసినవాడు దయ్యమైనా మంచివాడే అనిపించేది.

1961 ఏప్రిల్ నెల. బ్రహ్మంగారి మఠం ఆరాధనకు ఎద్దుల బండ్లు కట్టుకుని పోయినాము. వైశాఖ శుద్ధ దశమికి అక్కడ ఎంత జనమో మీకు తెలుసు. నాకు పన్నెండేళ్ళు. నాయన ఇచ్చిన నాలుగణాలు జేబులో, అయ్యవారి ఇంట్లో అడక్కుండా చింపుకొచ్చిన చందమామ కాగితం అదే జేబులో. ఆ చింపడం ఇంకొక నేరం, దానికి వేరే సభ పెట్టాలి.

చింతచెట్టు కింద ఎరుకలామె ఒకామె పచ్చబొట్లు పొడుస్తూ కూర్చుని ఉంది. మన సీమలో ఈ పని ఎరుకల ఆడవాళ్ళది. తమిళ దేశంలో కొరవవాళ్ళది. ఇంగ్లీషు దొర థర్‌స్టన్ దక్షిణ దేశపు కులాల మీద 1909లో వేసిన ఏడు సంపుటాల్లోనూ వీళ్ళ ప్రస్తావన ఉంది. పసుపు, అవిసె ఆకు కలిపి నూరి గుడ్డకు పట్టించి, ఆ గుడ్డను వత్తి చేసి, ఆముదం దీపం వెలిగించి, పైన కొత్త మూకుడు బోర్లిస్తారు. మూకుడుకు పట్టిన మసిని చనుబాలలోనో నీళ్ళలోనో రంగరిస్తారు. మసి నల్లనిదే. చర్మం లోపలి పొరలోకి దిగినాక పైనుంచి చూస్తే పచ్చగా కనిపిస్తుంది కాబట్టి పచ్చబొట్టు.

ఆమె దగ్గర ఉన్న బొమ్మలు లెక్కపెట్టినన్ని. చుక్కలు, తేలు, తులసికోట, ముగ్గు, పేరు. నేను కాగితం తీసి చూపించాను. ఆమె దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. నా మొగం చూసింది.

"ఇది పీనుగ గదా నాయనా. ఒంటిమింద పీనుగను పొడిపిచ్చుకుంటారా ఎవురన్నా?"

నేను ఏడుపు మొగం పెట్టాను. ఇది పీనుగ కాదు, కథలు చెబుతుంది అన్నాను. ఆమె కొంచెంసేపు ఆలోచించి, "పీనుగనైతే నేను పొడవను. మనిషిని పొడుస్తా, భుజమ్మింద మూట పెడతా. అది నీకు ఏమనిపిస్తే అదే" అంది. ఇంతకన్నా మర్యాదైన ఒప్పందం నేను ఉద్యోగంలో కూడా చూడలేదు. పుల్లతో గీత గీసింది. మూడు నాలుగు సూదులు కలిపి కట్టిన కట్టతో పొడవడం మొదలుపెట్టింది. నొప్పి తెలియకుండా ఏదో పాట ఎత్తుకుంది. పాట సగమైనా కాకముందే నాకు చెట్టు, మఠం అన్నీ తిరిగినాయి. కత్తి దగ్గరికి వచ్చేసరికి నేను చెయ్యి లాక్కున్నాను. దాంతో కత్తి వంకర తిరిగి పైకి లేచింది. మాటిచ్చాను కాబట్టి అంతా అయ్యేదాకా కూర్చున్నాను. పసుపు అద్ది పంపించింది.

నాయన చూశాడు. చెయ్యి ఎత్తాడు. అప్పుడు మా చిన్నాయన వచ్చి నా చెయ్యి పట్టుకుని చూసి, "ఆగన్నా! ఆంజనేయస్వామి గదా ఇది! సంజీవి కొండ ఎత్తుకోని పోతాండాడు, తోక చూడు" అన్నాడు. వంకర తిరిగిన కత్తి తోకైంది. మూట కొండైంది. ఎత్తిన చెయ్యి నాయన తన రెండో చేతితో కలిపి దండం పెట్టుకున్నాడు.

నేను మాట్లాడలేదు. అది మొదటి అబద్ధం.

అమ్మకు మాత్రం తెలిసిపోయింది. రాత్రి బండిలో పక్కన పండుకోబెట్టుకుని, వాచిన చేతిమీద వెన్న రాస్తూ, "ఆయప్పనే గదా, కథలాయప్ప" అని చెవిలో అంది. ఆ రాత్రే నేను మొదటిసారి అమ్మ చేతుల్ని సరిగా చూశాను. ముంజేతులనిండా చుక్కలు, ఒక తేలు, గడ్డంమీద ఒక చుక్క. నీకు ఎవరు పొడిచినారంటే, తొమ్మిదో ఏట ఇద్దరు ఆడవాళ్ళు కాళ్ళూ చేతులూ పట్టుకుంటే ఒకామె పొడిచిందని చెప్పింది. ఎందుకంటే, పెండ్లి కుదిరింది గాబట్టి అంది. సొమ్ములన్నీ ఊడబెరుక్కుంటారు నాయనా, పోయేటప్పుడు వెంట వచ్చేది ఇదొక్కటే అంటారులే అంది. ఆమె ఆ తేలును అడగలేదు. నా బేతాళుణ్ణి నేను అడిగి, ఏడ్చి, డబ్బిచ్చి తెచ్చుకున్నాను. మా ఇంట్లో తన ఒంటిమీద ఏముండాలో తానే చెప్పుకున్న మొదటివాణ్ణి నేనేనని చాలా ఏళ్ళకు అర్థమైంది.

1970లో ఉద్యోగం వచ్చింది. వైద్య పరీక్షలో డాక్టరుగారు చెయ్యి చూసి, "ఆంజనేయ భక్తుడివా?" అని నవ్వుతూ రాసేశారు. ఆయనకు బేతాళుడని చెప్పాలంటే చందమామ గురించి చెప్పాలి, ఎరుకలామె గురించి చెప్పాలి, బయట ఇంకా ఇరవైమంది నిలబడి ఉన్నారు. "అవును సార్" అన్నాను. అది రెండో అబద్ధం. సర్టిఫికెట్టు నుంచి సర్వీసు రిజిస్టరులోకి, అక్కడినుంచి పింఛను కాగితాల్లోకి ఆయన అట్లాగే ప్రయాణం చేశాడు.

ఆనవాలు అంటే ఏమిటో ఉద్యోగంలో నాకు తెలిసివచ్చిన రోజు ఒకటుంది. ఒక సబ్ ట్రెజరీలో ఉన్నప్పుడు కుటుంబ పింఛను తీసుకునే ముసలామె ఏడాది తనిఖీకి వచ్చింది. పింఛను పుస్తకంలోని ఫోటో చెమ్మకు పోయింది. వేలిముద్ర వేయిస్తే గీత పడలేదు. నలభై ఏళ్ళు వేరుశనక్కాయ ఒలిచిన వేళ్ళు. పేరులో కూడా ఒక అక్షరం తేడా. నేను అలవాటు ప్రకారం కుదరదన్నాను. ఆమె గొడవ చెయ్యలేదు. చెయ్యి చాపి, "మా ఆయన పేరు ఉందంట, నాకు చదవరాదు, నువ్వు చదువు" అంది. రెండు అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి. పొడిచినామెకూ చదువు రాదు, కాగితం చూసి దించింది. కాగితాలు తీసి చూస్తే ఆనవాళ్ళ పత్రంలో ఎవరో పాత గుమాస్తా పుణ్యాత్ముడు "ఎడమ ముంజేతిపై అక్షరాల పచ్చబొట్టు" అని రాసి ఉంచాడు. ఆ నెల ఆమెకు డబ్బు అందింది. 2014 నుంచి జీవన్ ప్రమాణ్ వచ్చింది. ఇప్పుడు మనమే యంత్రం మీద వేలు పెట్టి, అరిగిన వేలు పలక్కపోతే తడి గుడ్డతో తుడిచి మళ్ళీ పెడుతున్నాం. అప్పుడల్లా నాకు ఆమె చెయ్యి జ్ఞాపకం వస్తుంది. ఆనవాలు నిజంగా రాసిన గుమాస్తా కూడా జ్ఞాపకం వస్తాడు. ఆ సాయంత్రమైనా నేను నా రిజిస్టరు దిద్దించుకుని ఉండవచ్చు. దిద్దించుకోలేదు.

ఇదంతా ఇన్నేళ్ళ తరవాత ఎందుకు బయటపెడుతున్నానంటే, మా మనవడి వల్ల.

మా కూతురి కొడుకు వాడు. తల్లిదండ్రులిద్దరికీ ఉద్యోగాలు కాబట్టి చిన్నప్పుడు కర్నూలులో మా దగ్గరే పెరిగాడు. వాడికి ఛోటా భీమ్ పిచ్చి. హైదరాబాదులో రాజీవ్ చిలకగారి గ్రీన్ గోల్డ్ సంస్థ తయారు చేసిన బొమ్మ అది. 2008లో పోగో ఛానల్‌లో మొదలైంది. ఢోలక్‌పూర్ అనే ఊళ్ళో ఉంటాడు, నారింజ రంగు పంచె కడతాడు, లడ్డు తింటే బలం వస్తుంది. అన్నం తినడానికి మొండికేస్తే మా ఆవిడ ప్రతి ముద్దనూ లడ్డులా ఉండ చుట్టి "ఇది భీముడి లడ్డు" అని పెట్టేది.

2009 అక్టోబరు 2. కర్నూలువాళ్ళకు ఆ తేదీ చెబితే చాలు. హంద్రీ, తుంగభద్ర కలిసి ఊరిమీద పడ్డాయి. మేము అప్పుడు పాతబస్తీలో ఉన్నాం. నీళ్ళు గడప దాటి, కిటికీ దాటి వస్తుంటే పక్కింటి మేడమీదికి ఎక్కాము. రెండు రాత్రులు అక్కడే. చీకటి. కింద నీళ్ళ హోరు, ఎవరివో పశువుల అరుపులు. పిల్లవాడికి ఐదేళ్ళు, ఆకలికీ భయానికీ వణుకుతున్నాడు. ఛోటా భీమ్ వస్తాడా అవ్వా అని అడిగాడు. మా ఆవిడ, "వస్తాండాడు. దారిలో నీళ్ళు ఎక్కువగా ఉండాయి, ఈదుకుంటా వస్తాండాడు" అంది. ఎక్కడిదాకా వచ్చాడు? కొండారెడ్డి బురుజు దాకా. ఇప్పుడెక్కడ? ఇంకో వీధి. తెల్లవార్లూ ఆమె భీముణ్ణి వీధి వీధి నడిపించింది. చేతిలో ఉన్న నానిన బొరుగుల్ని ఉండ చేసి లడ్డు పంపాడని ఇచ్చింది. ఆమె పోగో చూసింది తక్కువ. ఆమె భీముడు సగం భారతం లోనివాడు, సగం టీవీ లోనివాడు.

నీళ్ళు తీసినాక ఇంట్లో మోకాలెత్తు బురద. నా సర్వీసు రిజిస్టరు నకలు ముద్దయిపోయింది. పింఛను పుస్తకం మాత్రం ఆవిడ నగలతో కలిపి ప్లాస్టిక్ సంచిలో కట్టి నడుముకు చుట్టుకుంది కాబట్టి మిగిలింది. ఆవిడ 2019లో పోయింది.

ఇప్పుడు వాడికి ఇరవై దాటాయి. కేంద్ర పోలీసు బలగాల్లో చేరాలని రోజూ తెల్లారుజామున పరుగెత్తుతాడు. ఒకరోజు వచ్చి, "తాతా, చేతిమీద ఛోటా భీమ్ టాటూ వేయించుకుంటున్నా. అమ్మకు చెప్పొద్దు" అన్నాడు. ఎందుకురా అంటే, "అవ్వ కోసం" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

నేను వెంటనే వద్దనలేదు. వద్దనే నోరు నాకు లేదు, చొక్కా చెయ్యి కింద బేతాళుణ్ణి పెట్టుకుని. వాడి వెంట దుకాణానికి పోయాను. శుభ్రంగా ఉంది, పళ్ళ డాక్టరు గదిలాగా. కుర్రవాడు చేతి తొడుగులు వేసుకుని, మూసిన పొట్లం నా ముందే చించి సూది తీశాడు. అది మంచి పని. పాత సూదులతో కామెర్లు, ఇంకా పెద్ద జబ్బులు అంటుకుంటాయి. అందుకే పొడిపించుకున్నవాళ్ళ దగ్గర ఏడాదిపాటు రక్తం తీసుకోరు. మా కాలంలో ఒకే సూది కట్ట తిరనాళ్ళంతా తిరిగింది. ఏమీ కాకుండా బతికామంటే అదృష్టమే. ఆ యంత్రానికి కూడా ఒక కథ ఉంది. ఎడిసన్ కాగితం మీద బెజ్జాలు పెట్టడానికి 1875లో ఒక కరెంటు పెన్ను చేశాడు. దాని పోలికలోనే న్యూయార్కులో ఓరైలీ అనే ఆయన 1891లో పచ్చబొట్టు యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఆఫీసు నకళ్ళు తీసే పనిముట్టు చివరికి మనుషుల ఒంటిమీదికి వచ్చిందన్నమాట.

కుర్రవాడు ముందు బొమ్మను ఊదారంగు కాగితంతో ముంజేతిమీద అద్దాడు. సూది ఇంకా ఆనలేదు. అప్పుడు నాలో ఉన్న ఖజానా గుమాస్తా లేచాడు. నియమం ఏముందో చూశావా అని అడిగాను. ఫోనులో తీశాడు. 2015లో కేంద్ర బలగాల వైద్య పరీక్షకు పెట్టిన నిబంధనల ప్రకారం ఎడమ ముంజేయి లోపలివైపున గాని, అరచేతి వెనకవైపున గాని ఉండవచ్చు. ఆ భాగంలో నాలుగో వంతుకన్నా చిన్నదిగా ఉండాలి. దేవుడి గుర్తు, దేవుడి రూపం, పేరు, ఇవైతే అనుమతి. బొమ్మల సినిమా బొమ్మ మాట అందులో లేదు.

వాడు కాసేపు చూసి, "భీముడు పాండవుడే గదా తాతా? ఆంజనేయస్వామికి తమ్ముడే గదా? దేవుడని చెబితే సరిపోతుంది" అన్నాడు.

ఆ మాట వినగానే నా ఎడమ చెయ్యి వేడెక్కింది. నిజంగానే. బేతాళ కథలో జవాబు తెలిసి నోరు విప్పకపోతే రాజు తల పగులుతుంది, విప్పితే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. చిన్నప్పుడు ఆ షరతు నాకు ఆటగా ఉండేది. ఆ దుకాణంలో, పళ్ళ డాక్టరు కుర్చీలాంటి కుర్చీ పక్కన నిలబడి, నేను చొక్కా చెయ్యి మడిచి, మా ఆవిడకు కూడా చెప్పని సంగతి వాడికి చెప్పాను. ఇది ఆంజనేయస్వామి కాదురా అని మొదలుపెట్టి, మఠం, చింతచెట్టు, పీనుగ, మూట, డాక్టరుగారు, అన్నీ. టాటూ కుర్రవాడు యంత్రం ఆపేసి విన్నాడు.

మనవడు నా చేతిని దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశాడు. "కత్తే తాతా ఇది. తోక కాదు" అన్నాడు. అరవై ఏళ్ళలో మా అమ్మ తరవాత దాన్ని చూసి సరిగా గుర్తుపట్టినవాడు వాడే. తరవాత, "నీకు ఉద్యోగం పోయేదేమో, నిజం చెబితే?" అన్నాడు. పోయేది కాదు. గుమాస్తా పనికి ఏ పచ్చబొట్టు ఉన్నా ఒకటే. భయపడవలసిన పని లేని చోట భయపడ్డాను. వాడికి మాత్రం నిజంగానే పోవచ్చు. ఆ తేడా నేను చెప్పలేదు, వాడే చెప్పాడు.

కుర్చీలోంచి లేచాడు. దేవుడని రాయించుకుని బతకడం నాకొద్దు తాతా, ఉద్యోగం వచ్చినా రాకపోయినా తరవాత చూద్దాం అన్నాడు. అప్పటిదాకా చేసిన పనికి డబ్బివ్వబోతే కుర్రవాడు తీసుకోలేదు. ఊదారంగు భీముడు వాడి చేతిమీద నాలుగు రోజులున్నాడు. ఆ నాలుగు రోజులూ స్నానం చేసేటప్పుడు ఎడమ చెయ్యి నీళ్ళకు తగలకుండా పైకెత్తి పట్టుకునేవాడు. ఐదో రోజు చెమటకు పూర్తిగా పోయాడు. పరుగు పరీక్ష వచ్చే నెల.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. చందమామ ఇప్పుడు రావడం లేదు, ఆ ఎరుకలామె ఎవరో నాకు పేరు కూడా తెలియదు. నా రిజిస్టరు ఏ బీరువాలో ఉందో, ఉందో లేదో. దిద్దవలసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు కాబట్టి మీకు చెప్పుకున్నాను. భోజనాల దగ్గర నేను చొక్కా చేతులు మడుచుకునే కూర్చుంటాను. చూడాలనుకున్నవారు చూడవచ్చు. దండం మాత్రం పెట్టవద్దని మనవి.

సెలవు.